మూడో ఊపిరి

ఇసుల్ పియానో నేర్చుకున్నది స్నానశాల మీద గదిలో. మసాన్ రేవు వెనక వీధిలో కింద ఆడవాళ్ల స్నానశాల, పైన పిల్లల పియానో బడి. వేడినీళ్ల ఆవిరి నేలచెక్కల సందుల్లోంచి పైకి వచ్చేది. చెక్క ఉబ్బేది, ఆరేది, తీగల మరలు వదులయ్యేవి. తీగలు దిగేవి. అక్కడి రెండు పియానోలకీ నెలకోసారి శ్రుతి చేసేవాణ్ని నేనే. చేసిన మూడో రోజుకే మళ్లీ దిగిపోయేవి. పిల్లలు ఆ దిగిన శ్రుతిలోనే పెరిగారు, అదే సరైనదనుకుంటూ.

ఇసుల్ ఒక్కతే అలా అనుకోలేదు. తొమ్మిదేళ్లప్పుడు నా పనిముట్ల పెట్టె పక్కన నిలబడి అడిగింది.

"బాబాయ్, ఇది రోజూ కొంచెం కొంచెం కిందికి పోతోంది కదా. ఎక్కడ ఆగుతుంది?"

"ఆగదు. నేనొచ్చి పైకి లాగుతా."

"నువ్వు రాకపోతే?"

"మీ టీచర్ ఇంకొకణ్ని పిలుస్తుంది. జరుగు, వెలుతురు రానీ."

వాళ్లమ్మది చేపల బజారులో ఎండు నెత్తళ్ల కొట్టు. బజారులో ఆవిడ నోటికి అందరూ భయపడేవారు. కూతురి పియానో గురించి అడిగితే, "రోజూ రెండు గంటలు వాయిస్తుంది. నెత్తళ్లు లేచి ఈదడం ఒక్కటే తక్కువ" అనేది. అంటూనే నెల తిరిగేసరికి బడి ఫీజు కట్టేసేది.

పిల్ల బుసాన్ కాలేజీలో చేరింది. రెండు పోటీలకి వెళ్లింది. రెండిట్లోనూ మొదటి రోజే ఇంటికి పంపేశారు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు వాయిస్తోందని ఒక పరీక్షకుడు కాగితం మీద రాశాడట. ఆ మాట చదివి ఏడవలేదు. నిజమేననుకుంది. ఆ తర్వాత గాత్రం విద్యార్థుల పరీక్షలకి పక్కవాద్యం వాయించడం మొదలుపెట్టింది. ఒక్కరోజులో పదకొండు మందికి వాయించిన రోజులున్నాయి. ఆమె పక్కన ఉంటే ఊపిరి వెతుక్కోనక్కర్లేదని పాడేవాళ్లు చెప్పుకునేవారు. ఇరవై ఆరేళ్లకి మసాన్ తిరిగొచ్చింది. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పిల్లలకి పాఠాలు, తెల్లారి కొట్లో నెత్తళ్ల తూకం. ఆమె వేళ్లకి ఆ వాసన ఉండేది. పియానో మెట్ల మీద కూడా ఉండిపోయేది. నేను తుడిచేవాణ్ని.

మా ఊళ్లో కొండ దారిలో పాత సభామందిరం ఉంది. ఏటా నవంబర్లో అక్కడ కొత్త పాటల సాయంత్రం జరుగుతుంది. ఆరు కవితలు, ఆరు కొత్త స్వరకల్పనలు. అంతకుముందు ఎవరూ పాడనివి, ఎవరూ విననివి. పాడేది ఒక్కరు, వాయించేది ఒక్కరు. ముప్పై ఒక్క ఏళ్లుగా పాడింది ప్యో దొక్సు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి, బరువైన గొంతు. ఊరంతా ప్యో మాస్టారు అంటారు. ముప్పై ఒక్క ఏళ్లూ ఆయన పక్కన వాయించింది గూ టీచరమ్మ. ఊపిరితిత్తుల జబ్బుతో ఆవిడ ఫిబ్రవరిలో పోయింది.

మార్చి నుంచి మే దాకా నలుగురు పియానో వాళ్లు వచ్చారు. నలుగుర్నీ మాస్టారు మొదటి రోజే పంపేశారు. జూన్లో ఇసుల్ వెళ్లింది. అప్పుడు నేను మూలనున్న పియానో మూత తీసి పని చేస్తున్నాను.

"ఎవరమ్మాయివి?" అన్నారు మాస్టారు.

"చేపల బజారులో ఎండు నెత్తళ్ల కొట్టు..."

"ఓహో. ఆ నోరున్న మనిషి కూతురివా. నీకూ ఉందా నోరు?"

"లేదు మాస్టారూ. చేతులే ఉన్నాయి."

"చేతులు ఇంకో నలుగురు కూడా తెచ్చారు. మళ్లీ పట్టుకుపోయారు. కూర్చో."

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఇంకెక్కడా చూడలేదు. కొత్త పాటని మొదటి రోజు పాడరు. పియానో మామూలుగా వాయిస్తారు. పాడే మనిషి పక్కన నిలబడి ఊపిరి మాత్రం తీస్తాడు. పాదం ఎక్కడ మొదలవుతుందో అక్కడ లోపలికి, పాదం ఎంత పొడుగుంటే అంతసేపు బయటికి. గొంతు లేదు, మాట లేదు. దీన్ని ఊపిరి పాఠం అంటారు. మాస్టారూ గూ టీచరమ్మా కలిసి మొదలుపెట్టింది. పాట ముందు పక్కటెముకల్లోకి దిగాలి, గొంతులోకి తర్వాత రావచ్చు అనేది ఆవిడ.

ఆ రోజు ఇసుల్ వాయించింది, మాస్టారు ఊపిరి తీశారు. బయట నుంచి చూస్తే మతిలేని పని. ఒక ముసలాయన కళ్లు మూసుకుని నోరు తెరిచి మూస్తుంటాడు. ఒక అమ్మాయి ఆయన్ని చూడకుండా వాయిస్తుంటుంది. నాలుగు నిమిషాలయ్యాక మాస్టారు కళ్లు తెరిచి ఆమెని చాలాసేపు చూశారు.

"రేపు పదింటికి రా" అన్నారు.

ఆ నలుగురికీ అనని మాట అది.

ఈ కాలం పిల్లలందరిలాగే ఇసుల్ కూడా ఫోన్‌ని పియానో మూత మీద పెట్టి అంతా రికార్డు చేసుకునేది. బస్సులో వింటూ ఇంటికి వెళ్లేది. గురువారం నేను శ్రుతి చేస్తుంటే వచ్చింది. చెవిలో పెట్టుకునేది ఒకటి నా చేతికిచ్చింది.

"బాబాయ్, ఎన్ని ఊపిర్లు వినపడుతున్నాయో చెప్పు."

విన్నాను. పియానో. మాస్టారి ఊపిరి, బరువుగా, కింది నుంచి. ఇసుల్ ఊపిరి, ముక్కుతో, సన్నగా.

"రెండు."

"మళ్లీ విను. మా ఇద్దరికంటే ముందు వస్తుంది. ఎడమ పక్కనుంచి. పళ్ల సందులోంచి లాగినట్టు."

మళ్లీ విన్నాను. "రెండే. ఫ్యాను చప్పుడేమో."

"ఆ గదిలో ఫ్యాను లేదు."

ఎడమ పక్కన కాగితాలు తిప్పేవాళ్లు కూర్చుంటారు. ఇసుల్ తన కాగితాలు తనే తిప్పుకుంటుంది. అక్కడ కుర్చీ కూడా లేదు. పళ్ల సందులోంచి ఊపిరి లాగే మనిషి ఒకరు నాకు తెలుసు. ఇరవై ఏళ్లు ఆవిడ పియానోకి శ్రుతి చేశాను. ఇసుల్ ఆవిడ పక్కన ఒక్కసారి కూడా కూర్చోలేదు.  తీగ బిగించడంలో పడ్డాను. ఆ రోజు తీగ అక్కర్లేనంత బిగిసింది. మళ్లీ వదులు చేయాల్సి వచ్చింది.

జూలైలో ఆరో పాట వచ్చింది. స్వరపరిచింది నమ్‌గుంగ్ రాన్. నలభై ఏళ్ల మనిషి, బుసాన్‌లో పాఠాలు చెబుతుంది, మనసులో ఉన్నది దాచుకోదు. కవిత చిన్నది. తీరంలో ఉప్పు ఆరబెట్టే ఒక విధవరాలి మాటలు. చివరి పాదం ఇలా ఉంటుంది:

ఉప్పు తెల్లగా ఆరే దాకా
నీ పేరుని నీళ్లలోనే ఉంచుతాను.

ఈ రెండు వరుసల్నీ రాన్ పదకొండు ఆవర్తనాలు సాగదీసింది. పైన ఒకే గీత. మధ్యలో ఊపిరి తీయకూడదని అర్థం. నిమిషాలూ సెకన్లతో సహా పాట నిడివి రాసి పెట్టింది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

ఊపిరి పాఠం సరిగానే జరిగింది. పాడటం మొదలయ్యాక మాస్టారు ఏడో ఆవర్తనం దగ్గర ఆగిపోయారు. రెండోసారి ఆరో దాని దగ్గరే. మూడోసారి స్టాండు మీద చేత్తో కొట్టారు.

"నువ్వు లాగుతున్నావు. రాయి కట్టి నీళ్లలోకి వదిలినట్టు లాగుతున్నావు."

"రాసినట్టే వాయిస్తున్నాను మాస్టారూ."

"రాసినట్టు వాయించడానికి నువ్వెందుకు? కాగితం చాలదూ?"

ఆమె ఇంటికి వెళ్లి మళ్లీ మళ్లీ విన్నది. ఆ పాదం ముందు కూడా మూడో ఊపిరి ఉంది. రాసిన చోటుకి అరమాత్ర ముందు. నాలుగో ఆవర్తనంలో ఇంకొకటి, అదీ ముందే. ఇసుల్‌కి అప్పుడు అర్థమైంది. అది దారి చూపిస్తోంది. అక్కడ చేతులు కదిలితే, ఎవరికీ తెలియనంత కదిలితే, పాదం పొట్టిదవుతుంది. ముసలి ఊపిరికి సరిపోతుంది.

మర్నాడు అలాగే వాయించింది. మాస్టారు చివరి దాకా పాడారు. పాడాక కూడా ఊపిరి మిగిలింది.  సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో బార్లీ టీ పోసి ఆమె ముందు పెట్టారు. ఆ మూతతో అంతవరకూ తాగింది ఒకే మనిషి.

నేను అప్పుడు ఇసుల్‌కి చెప్పాను. గూ టీచరమ్మ చివరి పదేళ్లూ ఆయన్ని అలాగే మోసింది. ఆయన ఊపిరి తగ్గుతున్నకొద్దీ ఆవిడ పాట తగ్గించింది. సభలో ఎవరికీ తెలియదు. విరామంలో శ్రుతి సరిచేయడానికి పక్కన నిలబడి గడియారం చూసుకునేవాణ్ని, ఏటేటా విరామం కొంచెం ముందే వచ్చేది, అలా నాకు తెలిసింది. పాడేవాడి తప్పుని తన చేతుల్లో దాచుకోవడమే పక్కవాద్యంలో సగం పని. ఆ సగానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

"అంటే నేను సరిగ్గానే చేస్తున్నానా బాబాయ్?"

"ఆవిడ చేసిందే చేస్తున్నావు" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా అనకుండా ఉండాల్సింది.

ఆగస్టు గడిచింది. సెప్టెంబర్ గడిచింది. ఇసుల్ ప్రతి పాటలోనూ ఆ ఊపిరి వెంటే వెళ్లింది. మాస్టారి మొహం తేటపడింది. జోకులు వేసేవారు. "ఈ పిల్ల నెత్తళ్లు తూచినట్టు తూస్తుందోయ్ నా ఊపిరి. ఒక్క చేప ఎక్కువ వేయదు" అనేవారు నాతో. నేను మాత్రం ఇసుల్ ఎడమ భుజం కొంచెం దిగడం చూశాను. స్టూలు రోజూ ఒక మర కిందికి ఉండేది.

"నువ్వు దించుకుంటున్నావా?" అని అడిగాను.

"లేదే. నాది ఈ ఎత్తే" అంది.

ఆమెది ఆ ఎత్తు కాదు. ఆ ఎత్తు గూ టీచరమ్మది. ఇసుల్ పొడుగు మనిషి. ఆ స్టూలు మీద అలా కూర్చుంటే మోకాళ్లు పైకి లేచి ఉండేవి. ఆమె గమనించలేదు.

అక్టోబర్ మొదటి వారంలో రాన్ తన పాట వినడానికి వచ్చింది. నొటేషన్ ఒళ్లో, ఫోన్ చేతిలో. పాట అయ్యాక ఫోన్ ఆపి చూసింది.

"మీకేమైనా బస్సుందా?"

మాస్టారు ఫ్లాస్కు కోసం సంచి తెరిచారు.

"నాలుగు నిమిషాల ఇరవై రాశాను. మూడున్నరలో ముగించారు. నా యాభై సెకన్లు ఎవరు తిన్నారు?"

మాస్టారు నవ్వబోయారు. "పాట బాగానే ఉంది కదమ్మా. జనానికి నచ్చుతుంది."

"మాస్టారూ, మీరు పెద్దవారు. అయినా చెబుతాను. పాట ఉంది, అందులో ఆ మనిషి లేదు. ఉప్పు ఆరడానికి టైం పడుతుంది. మీ పాటలో ఉప్పు ఆరడం లేదు. ఎవరో ఆయాసపడుతున్నారంతే." ఇసుల్ వైపు తిరిగింది. "ఏమ్మా, నీ చేతులు నీవేనా?"

ఇసుల్ ఒళ్లో ఉన్న చేతుల్ని చూసుకుంది. 

"ఆ సాయంత్రం కూడా ఇలాగే వాయిస్తే నేను పాట వెనక్కి తీసుకుంటాను. నా పేరు తీసేయమని వేదిక మీదికి వచ్చి చెబుతాను" అని వెళ్లిపోయింది.

స్వరకర్త పాట వెనక్కి తీసుకుంటే ఆ పియానో మనిషిని మా మందిరం మళ్లీ పిలవదు. పాతికేళ్లలో రెండుసార్లు జరిగింది. ఇద్దరూ ఇప్పుడు వేరే పనులు చేసుకుంటున్నారు. ఇసుల్‌కి ఇది తెలుసు. రాసినట్టు వాయిస్తే మాస్టారు నడిసభలో తెగిపోతారు. ఆయన పంపేస్తారు. ఎటు వెళ్లినా ఆమెకి మిగిలేది నెత్తళ్ల తూకమే.

ఆ రాత్రి జూలై నుంచి ఉన్న రికార్డులన్నీ వరసగా విన్నదట. ఆరో పాట జూలైలో నాలుగు నిమిషాల పద్దెనిమిది. ఆగస్టులో నాలుగూ ఐదు. సెప్టెంబర్లో మూడూ యాభై. అక్టోబర్లో మూడున్నర. మూడో ఊపిరి కూడా మారింది. జూలైలో పాదానికి ఒకటి, మహా అయితే రెండు, పొడుగ్గా. ఇప్పుడు పాదానికి మూడు. గబగబా, పైపైన.

మర్నాడు నన్ను పట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"గూ టీచరమ్మ ఎలా పోయింది బాబాయ్?"

"ఊపిరితిత్తులు. తెలుసుగా."

"అది కాదు. ఊపిరి ఎలా తీసేది? నెలనెలా చెప్పు."

చెప్పాను. వేసవిలో బాగానే ఉండేది. ఆకులు రాలేనాటికి మెట్లెక్కుతూ ఆగేది. నవంబర్లో వాయిస్తున్నప్పుడు పక్కన ఉన్నవాళ్లకి వినపడేది. జనవరిలో ఒక్కో మాటకీ ఒకసారి. చివర్న ఒక్కో మాటకీ రెండుసార్లు.

ఇసుల్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇది అక్టోబర్. ఇది ఫిబ్రవరి దాకా వెళ్తుంది బాబాయ్."

"ఏమిటి వెళ్లేది?"

"మేమిద్దరం. వెనకాలే వెళ్తున్నాం."

అప్పుడే తెలిసింది నాకు. ఆమె మందిరం మెట్ల మీద రెండుసార్లు ఆగుతోంది. మాస్టారు మూడుసార్లు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఇంట్లో వాళ్లమ్మ తెల్లారుజామున లేపి కూర్చోబెట్టిందట.

"నిద్రలో ఏ కొండెక్కుతున్నావే? కుక్క రొప్పినట్టు రొప్పుతున్నావు. పక్కన పడుకున్న నాకు భయమేస్తోంది."

"ఏం లేదమ్మా. కల."

"ఎవరిదే ఆ కల? నీది కాదు. నీ ఊపిరి నాకు తెలీదా, ఇరవై ఏడేళ్లు విన్నాను."

ఇది చెప్పి ఇసుల్ నవ్వింది. నవ్వు సగంలో ఆగింది, గాలి చాలక.

"మానెయ్" అన్నాను. "నీకు వినపడనట్టు ఉండు."

"నేను మానేస్తే ఆయన మునిగిపోతారు."

"మానకపోతే?"

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది.

ఒకసారి ప్రయత్నించింది. తర్వాతి వారం రిహార్సల్లో ఆ ఊపిరి వచ్చినా చేతులు కదపకుండా ఆపుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది. రెండు పాదాలు కూడా కాలేదు. మాస్టారు ఆపేశారు.

"ఎవరి మాట వింటున్నావు నువ్వు?"

"నొటేషన్ మాట."

"నిన్నటిలా వాయించు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలినట్టుంది. ఆమె నిన్నటిలాగే వాయించింది.

నవంబర్ రెండో శనివారం సాయంత్రం ఏడింటికి మందిరం నిండింది. వాళ్లమ్మ కొట్టు కట్టేసి వచ్చి చివరి వరసలో కూర్చుంది. పక్కనున్న వాళ్లు ముక్కు చిట్లిస్తే, "నెత్తళ్ల వాసన. మీ ఇంటి పులుసులో కూడా అదే ఉంటుంది, తినేటప్పుడు చిట్లించరుగా" అంది వినపడేలా. రాన్ మూడో వరసలో ఉంది. నేను వేదిక పక్క తెర దగ్గర, పనిముట్లు పెట్టుకుని.

మొదటి ఐదు పాటలూ ఎప్పటిలాగే జరిగాయి. పొట్టిగా, సాఫీగా. జనం చప్పట్లు కొట్టారు. నాలుగో పాట తర్వాత ఇసుల్ నుదురు తుడుచుకుంటూ ఎడమ వైపు చూసింది. అక్కడ ఖాళీ నేల. ఐదో పాట తర్వాత ఆమె పెదవుల రంగు బాగాలేదు.

ఆరో పాట. ఆమె చేతులు మోకాళ్ల మీద ఉంచుకుని కూర్చుంది. సభ నిశ్శబ్దమైంది. మాస్టారి భుజాలు లేచాయి. ఆయన ఊపిరి తీసుకున్నారు, పాటలోకి వెళ్లడానికి.

ఇసుల్ కదల్లేదు. ఆమె ఊపిరి తీయలేదు.

మరి ఆయన ఎవరితో పాటు తీసుకున్నారు?

చేతులు రాకపోవడంతో మాస్టారు తల తిప్పారు. ఇసుల్ వైపు కాదు. ఆమెకి ఎడమగా, కుర్చీ లేని చోటికి. నెలలుగా అక్కడ ఎవరున్నారో ఆయనకి తెలుసునని ఆ చూపుతో నాకు తెలిసింది.

ఆయన తీసుకున్న గాలి మెల్లగా బయటికి పోయింది. సభలో ఎవరో దగ్గారు.

అప్పుడు ఇసుల్ ఊపిరి తీసింది. నోటితో, గట్టిగా, బస్తా ఎత్తే మనిషి తీసినట్టు. పక్కవాద్యగాళ్లు సభలో అలా తీయరు. సిగ్గుచేటు. చివరి వరస దాకా వినపడింది. మాస్టారు ఉలిక్కిపడి ఆమెతో పాటే తీశారు. ఆమె చేతులు పియానో మెట్ల మీద పడ్డాయి.

నెమ్మదిగా వాయించింది. రాసినంత నెమ్మదిగా. ప్రతి పాదం ముందూ ఎడమ చెవి దగ్గర అది వస్తూనే ఉందట. పొట్టిగా, తొందరగా, తలుపు తడుతున్నట్టు. ఇసుల్ దాని వెంట వెళ్లలేదు. పాదం పాదానికీ తనే తీసింది, పైకి, అందరికీ వినపడేలా. మాస్టారి మెడ నరాలు ఉబ్బాయి. చెమట. ఆయన ఆమె మీద నుంచి చూపు తిప్పలేదు.

చివరి పాదం వచ్చింది. ఏడో ఆవర్తనంలో, ‘నీ పేరుని’ అన్న చోట, గొంతు తెగింది.

ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి. మాట సగంలో ఆగి గాలిలో ఉండిపోయింది.

ఇసుల్ దాన్ని దాచలేదు. ముందుకి పరిగెత్తలేదు. ఉన్న స్వరాల మీదే వేళ్లు ఉంచింది. తీగల్లో శబ్దం తగ్గుతూ తగ్గుతూ వెళ్లింది. నేను శ్రుతి చేసిన తీగ ఎంతసేపు మోగుతుందో నాకు తెలుసు. ఇంకో రెండు సెకన్లయితే ఏమీ ఉండదు. సభంతా ఒక ముసలాయన ఊపిరి తీయడం విన్నది. దానిలో గరగర ఉంది. డెబ్బై ఏళ్లకి దగ్గర పడుతున్న మనిషిది. తర్వాత ఆయన మిగతా నాలుగు ఆవర్తనాలూ పాడారు, చిన్నగా, నీళ్లలోకి చూస్తూ మాట్లాడుతున్నట్టు.

చాలాసేపటి దాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదలుపెట్టింది ఎవరో చూడలేదు.

రాన్ తెర వెనక్కి వచ్చింది. ఇసుల్ గోడకి ఆనుకుని గాలి పీలుస్తోంది.

"పద్నాలుగు సెకన్లు ఎక్కువైంది" అంది రాన్.

"తెలుసండీ. క్షమించండి."

"ఎందుకు? ఆ పద్నాలుగూ ఉంచుకో. నొటేషన్లో మార్చి రాస్తాను."

మాస్టారు వేదిక వెనక గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఇసుల్ కోటు తీసుకోవడానికి వెళ్లింది. తీగలు బిగించే పనిముట్టు అక్కడే వదిలేశానని నేనూ వెళ్లాను.

"ఆవిడ వచ్చింది ఇవాళ" అన్నారు మాస్టారు, అద్దంలోకి చూస్తూ.

"తెలుసు మాస్టారూ."

"నువ్వు లోపలికి రానివ్వలేదు."

"లేదు."

"ఆ నలుగురికీ వినపడలేదు. వాళ్లు వాయిస్తుంటే గది ఖాళీగా ఉండేది. నువ్వు వాయించిన మొదటి రోజే వచ్చింది. అందుకే నిన్ను ఉంచుకున్నా."

"ఎక్కడికి తీసుకెళ్తోందో మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? ముప్పై ఒక్క ఏళ్లు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లాను. ఈ ఒక్కసారి మాత్రం రానని ఎలా అంటాను?"

ఇసుల్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. చేతులు ఆగాయి.

"మరి నన్నెందుకు మాస్టారూ? నాకు ఇరవై ఏడేళ్లు."

ఆయన అద్దంలోంచి ఆమెని చూశారు. దిగిన భుజం, పెదవుల రంగు. ఇంతకుముందెప్పుడూ చూడనట్టు.   అది ఆయన ఆలోచించని విషయం. ఆమె చేతుల్ని చూశారు గానీ ఆ చేతుల వెనక ఒక మనిషి ఉందని ఆయనకి తట్టలేదు.

అద్దం నుంచి ఇటు తిరిగి, "ఊరందరి ముందూ నన్ను ముసలాణ్ని చేశావు" అన్నారు.

"చేశాను."

"ఇంటికెళ్లు. మీ అమ్మ చూస్తుంటుంది."

మందిరం వాళ్లు డిసెంబర్లో ఇసుల్‌ని పిలిచి వచ్చే ఏటికి నువ్వే అన్నారు. మాస్టారు ఇక పాడనని ఉత్తరం రాశారు. అయినా రోజూ పదింటికి రిహార్సల్ గదికి వచ్చి, మూసిన పియానో పక్కన కోటు విప్పకుండా నిలబడేవారట. కాపలా మనిషి అడిగితే పనుందనేవారు.

ఒకరోజు ఇసుల్ వెళ్లి ఆయన ముందే మూత తీసింది. స్టూలు తిప్పి తిప్పి పైకి లేపుకుంది. నేను గుమ్మంలో ఉన్నాను.

"కొత్త పాట వచ్చింది మాస్టారూ. ఊపిరి పాఠం చేయాలి."

"నేను పాడను."

"పాడమనలేదు. ఊపిరి తీయమన్నాను. నాతో. ఆవిడతో అయితే నేను వాయించను."

"నీతో అయితే మధ్యలో తెగుతుంది."

"తెగనివ్వండి. ఆగుతాను."

ఆయన చాలాసేపు ఎడమ పక్కకి చూస్తూ నిలబడ్డారు. పెదవులు కదిలాయి. ఎవరికో ఏదో చెప్పి, కోటు విప్పి కుర్చీ మీద వేశారు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. వెనక పియానో మొదలైంది, నెమ్మదిగా. ఎన్ని ఊపిర్లున్నాయో నిలబడి వినలేదు.

ఫిబ్రవరి వచ్చింది, పోయింది. ఇసుల్ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. మాస్టారు ఒక్కచోటే ఆగుతారు, రెండో మలుపులో. ఆయాసంతో కాదు. గోడ వైపు జరిగి, కొంచెం తల వంచి, పక్కనుంచి ఎవరో దిగిపోవడానికి దారి ఇస్తారు. తర్వాత పైకి వస్తారు.